చెత్త యాక్షన్ సినిమా చూడటం ఎలా? 4వ పాఠం: అతుకు పట్టుకోవడం

పోయిన పాఠంలో ఏదైనా ఒక ఫైటును సౌండ్ తీసేసి చూడమన్నాను. చేసి ఉంటే తెలిసిపోయే ఉంటుంది, సగం దెబ్బలు ఒంటికి తగలనే తగలవు, మన చెవికే తగులుతాయి. ఈసారి చెవిని పక్కన పెట్టి కంటికి పని చెబుదాం.

సరుకు 1980ల నాటి హాంకాంగ్‌ది. 1981లో అమెరికా నుంచి 'ఎంటర్ ద నింజా' వచ్చాక వీడియో క్యాసెట్ల బజారులో నింజాల (ముసుగేసుకుని రహస్యంగా పోరాడే జపాన్ యోధుల) పిచ్చి పట్టుకుంది. అట్ట మీద ముసుగు మనిషి, చేతిలో కత్తి ఉంటే క్యాసెట్ అమ్ముడుపోయేది. హాంకాంగ్‌లో జోసెఫ్ లాయ్ నడిపిన ఐఎఫ్‌డీ సంస్థ, అక్కడి డైరెక్టర్ గాడ్‌ఫ్రీ హో దీనికో చవక దారి కనిపెట్టారు. ఆసియాలో ఎక్కడో తీసిన పాత సినిమా ఒకటి కొనడం, తెల్ల నటులతో కాసిని నింజా సీన్లు తీయడం, రెండింటినీ కలిపి కుట్టి ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పించడం. పాత చీరలతో బొంత కుట్టినట్టే. కాకపోతే బొంతకు రంగులైనా కుదురుతాయి.

1985 నాటి 'నింజా టెర్మినేటర్' చూడండి. హీరో రిచర్డ్ హారిసన్, అంతకుముందు ఇటలీలో కౌబాయ్ సినిమాలు చేసినవాడు. ఇందులో పెద్ద భాగం ఒక కొరియా సినిమాది. అందులోని హీరోకు ఇక్కడ జాగ్వార్ వాంగ్ అని పేరు పెట్టారు. హారిసన్, వాంగ్ ఒకరినొకరు చూసుకున్నదే లేదు. మరి కలిసి పనిచేసేదెలా? ఫోన్‌లో! అది కూడా మామూలు ఫోన్ కాదు, గార్ఫీల్డ్ పిల్లి బొమ్మ ఫోన్. నింజా గురువు హారిసన్ మొహం సీరియస్‌గా పెట్టుకుని పిల్లిని చెవి దగ్గర పెట్టుకుంటాడు. అవతల వాంగ్ అసలు సినిమాలో ఎవరితో ఏం మాట్లాడాడో, ఇక్కడ మాత్రం డబ్బింగ్ వాళ్లు ఏం చెప్పిస్తే అదే మాట.

ఇదే మీరు నేర్చుకోవాల్సిన మొదటి పట్టు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఇద్దరూ ఒకే ఫ్రేములో ఒక్కసారైనా కనిపించారా? లేదంటే అనుమానించండి. తర్వాత ప్రింటు రంగు చూడండి. ఒక షాట్‌లో ఆకు పచ్చగా ఉండి, మరుసటి షాట్‌లో వెలిసిపోయిందంటే అక్కడే కుట్టు ఉంది. బట్టలు, గోడలు, కార్లు కూడా గుట్టు విప్పుతాయి.

అతుకు దొరకగానే నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. కానీ అక్కడే ఆగితే ఈ సినిమాలు రెండు రోజుల్లో బోర్ కొడతాయి. అసలు మజా 'ఇలా ఎందుకు చేయాల్సి వచ్చింది?' అని వెతకడంలో ఉంది. లాస్ ఏంజిలిస్‌లో తీసిన 'సమురాయ్ కాప్' (1991) చూడండి. షూటింగ్ అయిపోయిందనుకుని హీరో మ్యాట్ హానన్ పొడవాటి జుట్టు కత్తిరించేసుకున్నాడు. నెలల తర్వాత డైరెక్టర్ అమీర్ షెర్వాన్ మళ్లీ రమ్మన్నాడు. ఇంకేముంది, ఆడవాళ్ల విగ్గు! ఇప్పుడు ఒకే సీన్లో షాటు షాటుకూ జుట్టు మారిపోతుంటుంది. అది తెలివితక్కువతనం కాదు, చేతిలో ఉన్నదాంతో నెట్టుకురావడం. వంద కోట్ల సినిమా ఈ పాట్లను మనకు కనపడనివ్వదు. కావాలని చెత్తగా తీసిన సినిమాలు నాకు ఎక్కకపోవడానికి కారణం కూడా ఇదే. వాటిలో విగ్గు జారితే అది రిహార్సల్ చేసిన జారుడు.

ఇందులో చేదు కూడా ఉంది. తాను కొన్ని సినిమాలకే ఒప్పుకున్నానని, తన సీన్లను ముక్కలు చేసి ఎన్నో సినిమాల్లో అతికారని హారిసన్ తర్వాత వాపోయాడు. మనం నవ్వే కుట్టు కింద ఆయన పేరు నలిగిపోయింది.

ఈ వారం పని: హో తీసిన నింజా సినిమా ఏదైనా ఇరవై నిమిషాలు చూడండి. కాగితం మీద రెండు గళ్లు గీసి, ప్రతి షాటూ కొన్నదా, కొత్తగా తీసిందా గుర్తు పెట్టండి. తలపట్టీ మీద ఇంగ్లీషులో 'నింజా' అని రాసి ఉంటే ఆలోచించక్కర్లేదు, కొత్త గడిలో వేసేయండి. పిల్లి ఫోన్ సీన్‌తో మాత్రం మొదలుపెట్టకండి, లెక్క తప్పుతారు.