కారు పెయింట్ పాలిషర్: కొత్తవాళ్లు ఏది కొనాలి, ఎలా వాడాలి?

ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీదకి ఓసారి వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పోయిన గీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి చక్రంలా అనిపిస్తాయి. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవడం, కింద పడ్డ స్పాంజినే ఎత్తి మళ్లీ రుద్దడం, ఇలాంటి వాటివల్లే అవి పడతాయి.

వాటిని పోగొట్టేది పాలిషర్, అంటే ప్యాడ్‌ని తిప్పుతూ పెయింట్‌ని రుద్దే మెషిన్. కానీ మెషిన్ కొనేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. పాలిషర్ పెయింట్‌కి మెరుపు అద్దదు, పెయింట్‌ని అరగదీస్తుంది. గీత ఎంత లోతుందో అంతవరకు చుట్టుపక్కల పొరను చదును చేస్తే గీత ఇక ఉండదు. మెరుపు ఆ చదునువల్ల వచ్చేదే. వ్యాక్స్ సంగతి వేరు. అది గీతల్ని కొంత కప్పి, పైన కాపలాగా ఉంటుంది, కొన్నిసార్లు కడిగేసరికి పోతుంది. పాలిష్‌తో పోయిన పొర మాత్రం తిరిగి రాదు.

అరగడానికి అక్కడ ఎంత ఉంది?

ఇప్పటి కార్లలో చాలావాటికి రేకు మీద ప్రైమర్, ఆపైన రంగుండే బేస్ కోట్, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మనం పాలిష్ చేసేది ఈ క్లియర్ కోట్‌నే. దాని మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఎండ నుంచి రంగును కాపాడుతున్నది వెంట్రుక మందం కూడా లేని ఉల్లిపొర. అది పూర్తిగా అరిగితే మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి లేదు.

అందుకే ముందు గోరుతో చూడండి. గీత మీద అడ్డంగా గోరు పోనివ్వండి. గోరు జారిపోతే ఆ గీత పాలిష్‌కి లొంగుతుంది. గోరు తట్టుకుని ఆగితే దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టకండి, కాస్త తగ్గితే చాలనుకోండి. మ్యాట్ పెయింట్, వినైల్ ర్యాప్, పైన ఫిల్మ్ అంటించిన భాగాలు, పొలుసుల్లా లేచిపోతున్న క్లియర్ కోట్: వీటి జోలికి కొత్తవాళ్లు అసలు పోవద్దు. పాత కార్లలో కొన్నిటికి క్లియర్ కోటే ఉండదు. అలాంటి కారైతే ప్యాడ్‌కి కారు రంగు అంటుకుంటుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు.

ఏ మెషిన్ కొనాలి?

పాలిషర్లు ముఖ్యంగా రెండు రకాలు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పని తొందరగా అవుతుంది, వేడీ అంతే తొందరగా పుడుతుంది. ఒకేచోట నాలుగు క్షణాలు ఎక్కువ ఆగితే పెయింట్ కాలిపోవచ్చు, అంచు దగ్గర పొర లేచిపోవచ్చు. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర అది మంచి పనిముట్టే. మొదటి మెషిన్‌గా మాత్రం వద్దు.

రెండోది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అనేది. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది. అందువల్ల వేడి ఒకేచోట అంత తొందరగా పోగుపడదు. మామూలు డీఏలో ఇంకో మంచి గుణం ఉంది. మీరు మరీ గట్టిగా అదిమితే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. మనం చేసే తప్పుకి మెషినే బ్రేకు వేసినట్టు. డీఏలోనే గేర్‌తో బలవంతంగా తిరిగే రకం కూడా ఉంది. అది అదిమినా ఆగదు కాబట్టి ఈ రక్షణ దానికి ఉండదు. కొత్తవాళ్లకి మామూలు డీఏ చాలు.

డీఏ పెట్టె మీద 8, 15, 21 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. దాన్ని త్రో అంటారు, ప్యాడ్ ఊగే వలయం వ్యాసం అన్నమాట. 21 ఉన్నది వెడల్పాటి బానెట్ మీద వెన్నలా పోతుంది కానీ వంపుల దగ్గర ఊరికే ఆగిపోతుంది. 8 ఉన్నది నెమ్మది, వంపుల్లో మాత్రం చెప్పినట్టు వింటుంది. ఒక్కటే కొనేట్టయితే, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే గుండ్రటి పళ్లెం) ఉన్న 15 మిల్లీమీటర్ల మెషిన్‌కే నా ఓటు. అద్దాల చుట్టూ, బంపర్ మూలల్లో పనికొచ్చే 3 అంగుళాల చిన్న మెషిన్ తర్వాతైనా తెచ్చుకోవచ్చు.

కొనేముందు మెషిన్‌ని చేతుల్లోకి తీసుకుని, తలుపుకి ఆనించినట్టు అడ్డంగా కాసేపు పట్టుకుని చూడండి. షాపులో తేలిగ్గా అనిపించినది రెండు గంటల తర్వాత డోర్ మీద వాడేటప్పుడు భుజం లాగేస్తుంది. స్పీడ్ మార్చే చక్రం ఉండాలి, అదిమినప్పుడు మోటారు స్పీడ్ పడిపోకూడదు. బ్యాటరీది వైరు గొడవ లేకుండా హాయిగా ఉంటుంది గానీ, మొత్తం కారుకి రెండు మూడు బ్యాటరీలైనా కావాలి. పెద్ద తలగడలాంటి గుడ్డ తొడుగుతో వచ్చే చవక బఫర్లు వ్యాక్స్ పూయడానికి తప్ప గీతలు తీయడానికి పనికిరావు. డ్రిల్లింగ్ మెషిన్‌కి ప్యాడ్ తగిలించే కిట్లు కూడా ఉంటాయి. అవి పట్టు కుదరని రోటరీలాంటివి. డబ్బు మిగిలిందనుకుంటే అసలుకే మోసం వస్తుంది.

ప్యాడ్లు, కాంపౌండ్లు

గీత తీసేది మెషిన్ ఒక్కటే కాదు, ప్యాడూ దానిమీద వేసే మందూ కలిసి తీస్తాయి. ఉన్ని, మైక్రోఫైబర్ ప్యాడ్లు ఎక్కువ కోస్తాయి. ఫోమ్‌లో గట్టివి కోయడానికి, మధ్యరకం పాలిష్‌కి, మెత్తవి ఆఖరి మెరుపుకి. రంగు చూసి కొనకండి, ఒక కంపెనీ నారింజ ప్యాడ్ ఇంకో కంపెనీ నారింజలాంటిది కాదు. ప్యాడ్ మీద వేసే మందుల్లో కాంపౌండ్ అంటే గరుకు ఎక్కువ, పాలిష్ అంటే తక్కువ. మొదటిసారికి మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు నాలుగైదు, మెత్తవి రెండు, ఒక పాలిష్, ఒక కాంపౌండ్ సరిపోతాయి. ఒక్క ప్యాడ్‌తో కారు మొత్తం చేయాలని చూస్తే సగంలోనే అది నిండిపోయి, వేడెక్కి, కోయడం మానేస్తుంది.

మెషిన్ ఆన్ చేసేముందు

1. కారుని బాగా కడిగి ఆరబెట్టండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా ప్యాడ్ కింద అది ఉప్పుకాగితం అయిపోతుంది.

2. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమరండి. ఉత్త చేతికి నున్నగా ఉన్నచోట కూడా గరగర తెలుస్తుంది. అది కడిగినా పోని మురికి. దాన్ని పట్టి లాగే మట్టిముద్దలాంటి క్లే బార్‌ని సబ్బునీళ్లతోనో దాని లూబ్రికెంట్‌తోనో బాగా తడిపి, బరువు వేయకుండా జార్చండి. క్లే నేల మీద పడిందా, ఇక అది చెత్తబుట్టకే.

3. నల్ల ప్లాస్టిక్ పట్టీలకి, రబ్బరు బీడింగులకి, లోగోలకి, పదునైన అంచులకి మాస్కింగ్ టేప్ వేయండి. ఇది విసుగు పని, నేనూ ఒకసారి ఎగ్గొట్టాను. గరుకు ప్లాస్టిక్ సందుల్లో ఎండిపోయిన తెల్ల మరకల్ని పాత టూత్‌బ్రష్‌తో గీకుతూ తర్వాత ఓ సాయంత్రం మొత్తం పోయింది.

4. కారు నీడలో ఉండాలి, రేకు చల్లబడి ఉండాలి. ఎండలో అయితే పాలిష్ పనిచేసేలోపే ఎండి పిడచకడుతుంది.

5. ఉంగరం, వాచీ, బెల్టు బకిల్ తీసేయండి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, అలా వేస్తే అది పెయింట్ మీద ఈడ్చుకుపోదు.

ముందు ఒక్క గడిలో

ఈ పని మొత్తంలో కాలం వెచ్చించాల్సింది ఇక్కడే. బానెట్ మీద సుమారు 50 సెంటీమీటర్ల చదరపు గడిని టేప్‌తో గుర్తు పెట్టుకోండి. మెత్తవైపు నుంచి మొదలుపెట్టండి: మధ్యరకం ప్యాడ్, దాని మీద పాలిష్. చేసి, తుడిచి, లైట్ వేసి చూడండి. గీతలు పోయాయా, సరే, కారంతా అదే జోడీతో. పోలేదా, అదే రకం ఇంకో ప్యాడ్ మీద కాంపౌండ్. అప్పటికీ కాకపోతేనే గట్టి ప్యాడ్. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పెయింట్ గట్టిదనం కారు కారుకీ మారుతుంది కాబట్టి వేరే కారుకి కుదిరిన జోడీ మీ దానికి కుదరాలని లేదు.

మెషిన్ కొత్తదైతే ఈ గడికి కూడా ముందు, షెడ్డులో పాత డోరో బానెట్టో దొరికితే దాని మీద ఓ గంట ఆడండి. చెయ్యి కుదిరాకే సొంత కారు దగ్గరికి రండి.

ఇక పని

6. బ్యాకింగ్ ప్లేట్ పక్క అంచు మీద మార్కర్‌తో ఒక నల్ల గీత గీయండి. ప్యాడ్ తిరుగుతోందా, ఊరికే వణుకుతోందా అన్నది ఆ గీత చూస్తే తెలుస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు, దీనంత పనికొచ్చేదీ నాకు ఇంకోటి కనపడలేదు.

7. కొత్త ప్యాడ్‌కి మొదటిసారి పాలిష్‌ని వేలితో పల్చగా పట్టించండి. ఆ తర్వాత గడికి బఠాణీ గింజంత చుక్కలు నాలుగు చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ మెరవదు, ప్యాడ్ జారిపోయి పని కాదు.

8. ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించాకే స్విచ్ వేయండి, స్విచ్ ఆపి ప్యాడ్ ఆగాకే పైకెత్తండి. నేను మొదటి రోజే తిరుగుతున్న మెషిన్‌ని ఎత్తాను. ముందు అద్దం మీద, గోడ మీద, నా కళ్లజోడు మీద ఒకే వరసలో తెల్ల చుక్కలు పడ్డాయి. గోడ మీదవి ఇప్పటికీ ఉన్నాయి.

9. ముందు 1 లేదా 2 స్పీడులో పాలిష్‌ని గడి అంతా పరచండి. తర్వాత 4 లేదా 5కి పెంచండి. చెయ్యి నెమ్మదిగా కదలాలి, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు. అంటే గడి ఈ చివర నుంచి ఆ చివరకి పోవడానికి దాదాపు 20 సెకన్లు. కొత్తవాళ్లంతా ఇక్కడే తొందరపడతారు, ఇల్లు తుడిచినట్టు అటూ ఇటూ ఊపేస్తారు. అలా చేస్తే చెయ్యి నొప్పి వస్తుంది, గీతలు అలాగే ఉంటాయి.

10. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పుతూ పోవాలి. ఒకసారి అడ్డంగా, ఇంకోసారి నిలువుగా, మొత్తం నాలుగు నుంచి ఆరు సార్లు. ప్యాడ్ ఎప్పుడూ పెయింట్‌కి సమంగా ఆనాలి, ఒరిగితే నల్ల గీత ఆగిపోతుంది.

11. ఎంత అదమాలి? మెషిన్ ప్లగ్ తీసేసి, బరువు చూసుకునే మెషిన్ మీద మెత్తటి గుడ్డ పరిచి దాన్ని పెట్టి నొక్కి చూడండి. 5 నుంచి 7 కిలోల మధ్య చూపిస్తే ఆ అదుము చేతికి గుర్తుండేదాకా నాలుగైదుసార్లు చేయండి. ఆఖరి ఒకటి రెండు వరసలకి మాత్రం చెయ్యి తేలిక చేయండి.

12. మధ్యమధ్యలో చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడెక్కితే ఆపండి. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర మరింత జాగ్రత్త, రేకులా ప్లాస్టిక్ వేడిని పంచుకోదు. అంచులు, బాడీ మీద లేచిన మడతల దగ్గర పొర పల్చగా ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి స్పీడు, బరువు రెండూ తగ్గించండి.

13. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, టార్చి లైటు ఏటవాలుగా పట్టి చూడండి. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి, అవి పోయినట్టు భ్రమ కలిగించవచ్చు. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే అసలు రూపం బయటపడుతుంది.

14. ప్రతి గడి తర్వాత ప్యాడ్‌ని మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిసి బరువెక్కితే మార్చేయండి.

కాంపౌండ్ వాడాక పెయింట్ మీద పొగ పట్టినట్టు మసక కనిపిస్తే టెన్షన్ పడకండి. అది కాంపౌండ్ చేసిన సన్నటి గీతల మసక. మెత్తటి ప్యాడ్, పాలిష్‌తో ఇంకో విడత చేస్తే పోతుంది. ఇలా రెండు విడతలు చేయాల్సి వస్తే మొత్తం కారు ఒక్కరోజులో అవుతుందని ఆశపెట్టుకోకండి. ఒక రోజు బానెట్, ఒక రోజు ఎడమ వైపు, అలా చేసుకుంటే నడుమూ బాగుంటుంది, పనీ బాగుంటుంది.

అయ్యాక

పాలిష్ చేసిన పెయింట్ మీద కాపలా ఏమీ ఉండదు. జిడ్డు తుడిచేసి వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ సిరామిక్ కోటింగ్ గానీ వేయండి. సిరామిక్ వేస్తే డబ్బా మీద రాసినన్ని గంటలు నీళ్లు తగలనివ్వద్దు. తర్వాత కడిగేటప్పుడు షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకోండి. పాత అలవాట్లతోనే తుడిస్తే ఆ సాలెగూడు రెండు నెలల్లో మళ్లీ వస్తుంది, క్లియర్ కోట్ మాత్రం ప్రతిసారీ అరిగే కొద్దీ తగ్గుతూ ఉంటుంది.

ప్యాడ్లను అదేరోజు తేలికపాటి సబ్బునీళ్లతో పిండి, వెల్క్రో వైపు పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. కోసే ప్యాడ్లు ఒక కవర్లో, మెత్తవి ఇంకో కవర్లో పెట్టి పైన పేరు రాయండి. మెత్తటి ప్యాడ్‌లో కాంపౌండ్ కాస్త దూరిందంటే ఆఖరి మెరుపు పెట్టేటప్పుడు కొత్త గీతలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియక గంటలు గంటలు వెతుక్కుంటారు.