స్టాన్లీ వెళ్తున్నారా? బాయిసీలోనే సరుకులు కొనుక్కోండి

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సాటూత్ కొండల కింద ఉన్న చిన్న ఊరు స్టాన్లీకి వెళ్లేవాళ్లకు నా మొదటి మాట: ఆ రాష్ట్ర రాజధాని బాయిసీ దాటేలోపే పెట్రోలు, సరుకులు నింపుకోండి. ఆ తర్వాత సుమారు 130 మైళ్లు కొండదారి. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా 116 మందే కాబట్టి అక్కడ అన్నీ దొరుకుతాయని అనుకోవద్దు. శాకాహారులైతే మరీను. గదిలో వంట వీలుంటే చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్లండి. ఊరు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది.

జూలైలో కూడా తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది, స్వెటర్లు ఉండాల్సిందే. మ్యాప్ ముందే ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు. ట్రెక్కింగ్ పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా దిగిపోవడం మంచిది, వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులు మామూలే. పిల్లలుంటే పెద్ద ట్రెక్ వద్దు, రెడ్‌ఫిష్ సరస్సు ఒడ్డునే రోజంతా హాయిగా గడిచిపోతుంది.