ఒంటి రంగు చూసి బండి ఆపారా? లెక్కతో తేల్చడం ఎలా

టెయిల్ లైటు వెలగడం లేదని పోలీసులు బండి ఆపారు. నిజంగా అందుకేనా, రంగు చూసి ఆపారా? అమెరికాలో నల్లజాతి డ్రైవర్లను ఏళ్ల తరబడి వెంటాడుతున్న ఈ అనుమానం ఒక్క స్టాప్‌ను పట్టుకుంటే తేలదు. ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా జరిగితే చాలు, ఆఫీసర్ మనసులో ఏముందో రాజ్యాంగంలోని నాలుగో సవరణ (అకారణ సోదాలు, నిర్బంధాల నుంచి కాపాడేది) కింద చూడబోమని 1996లో రెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. కాబట్టి వేల స్టాపుల రికార్డు కావాలి.

మిస్సోరిలో 2000 నుంచి, కాలిఫోర్నియాలో 2015 చట్టం వల్ల ఈ రికార్డు దొరుకుతుంది. కాలిఫోర్నియాలో జాతి గడిలో ఉండేది డ్రైవర్ చెప్పింది కాదు, ఆఫీసర్‌కు అనిపించింది. లోపం అనుకోకండి, మనకు కావలసింది అదే.

అందరూ బోల్తా పడేది హారం దగ్గర. ఊరి జనాభాలో నల్లవారి వాటాను స్టాపుల్లో వాటాతో పోల్చేస్తారు. కానీ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లంతా ఆ ఊరివాళ్లు కారు కదా. న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే హైవే మీద, జాతిని బట్టి ఆపుతున్నారని వాదించిన సోటో కేసు కోసం నిందితుల తరఫు బృందం పరిమితి 55 మైళ్లున్న చోట 60లో స్థిరంగా నడుపుతూ, తమను దాటిపోయే కార్లను, అంటే పరిమితి మీరినవాటిని, డ్రైవర్ జాతితో సహా లెక్కపెట్టింది. అంత ఓపిక లేకపోతే చీకటి పరీక్ష ఉంది. 2006లో గ్రోగర్, రిడ్జ్‌వే అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగర రికార్డుతో చేసి చూపారు.

చీకట్లో డ్రైవర్ ముఖం సరిగా కనబడదు. వేసవిలో వెలుగు, చలికాలంలో చీకటి ఉండే గంటలు, ఇంచుమించు సాయంత్రం 5 నుంచి 9 దాకా జరిగిన స్టాపులే ఉంచండి. సూర్యాస్తమయం తర్వాత మునిమాపు అరగంటను తీసేయండి, అది ఎటూ కాని వెలుగు. ఒకే గడియార సమయంలో వెలుగును, చీకటిని పోల్చండి. ఉదాహరణకు 7 గంటల ప్రాంతంలో వెలుగులో 200 స్టాపుల్లో 60 మంది నల్లవారు, చీకట్లో 150లో 36 మంది అనుకుందాం. 30 శాతం, 24 శాతం. వెలుగులో వాటా పెరిగిందంటే ముఖం కనబడటానికీ ఆపడానికీ లంకె ఉన్నట్టే.

హెడ్‌లైటు, టెయిల్ లైటు స్టాపులను ముందే పక్కన పెట్టండి. ఆ లోపాలు చీకట్లోనే కంటపడతాయి, లెక్క వంకరపోతుంది. ఇక వీధి దీపాలు బాగా వెలిగే చోట రాత్రీ ముఖం కనిపిస్తుంది, కారునూ పేటనూ బట్టి జాతిని ఊహించవచ్చు. అందుకని తేడా రాకపోతే వివక్ష లేదని రాయకూడదు.

రెండో పరీక్ష సోదాలది. నిషిద్ధ వస్తువు దొరికిన సోదాలను మొత్తం సోదాలతో భాగించండి. అరెస్టుతో పాటు చేసేవి, టో చేసిన బండిలో చేసేవి కలపవద్దు, వాటిలో ఆఫీసర్ విచక్షణ తక్కువ. నల్లవారిని ఎక్కువగా సోదా చేసీ తక్కువసార్లు దొరికితే, వాళ్ల విషయంలో చిన్న అనుమానమే సరిపోతోందన్నమాట. దీనికీ ఓ గోతి ఉంది: ఒక గుంపులో చూడగానే అనుమానం తేలిపోయి దొరికిపోయేవాళ్లు ఎక్కువుంటే సగటు దానంతటదే పెరిగి, ఉన్న వివక్షను కప్పేస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం దాదాపు 10 కోట్ల స్టాపుల మీద 2020లో ప్రచురించిన పనిలో దీన్ని దాటడానికి సోదాకు ఎంత అనుమానం చాలిందో అంచనా కట్టే వేరే నమూనా వాడారు. చీకటి పరీక్షలోనూ, సోదాల్లోనూ వివక్ష జాడలే కనిపించాయి.

రికార్డులతో పాటు, పోలీసులు ఆపిన జనం అభిప్రాయం అడిగేటప్పుడు “జాతి వల్లే ఆపారా?” అని మొదలుపెట్టకండి, జవాబు మీరే అందించినట్టవుతుంది. కారణం చెప్పారా, అది సబబుగా అనిపించిందా, మర్యాదగా మాట్లాడారా అని విడివిడిగా అడిగి, జాతి ప్రశ్న చివర్న పెట్టండి.