ఇంట్లో మెయిన్ బోర్డు ఏ గోడకు పెట్టాలి?

కొత్త ఇల్లు కట్టుకునేవారు గుమ్మాల టేకు గురించీ టైల్స్ రంగు గురించీ నెలల తరబడి ఆలోచిస్తారు. ఇంటికంతటికీ కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే పనివాళ్లు డీబీ అని పిలిచే పెట్టె, ఎక్కడ ఉండాలన్నది మాత్రం ఎలక్ట్రీషియన్ పైపులు తెచ్చిన ఉదయం నిలబడిన చోటే తేల్చేస్తారు. అలా తేల్చిన బోర్డులను తరువాత గోడలు పగలగొట్టి మార్చిన అనుభవం నాకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది.

ఇంటి ప్లాను, కొలత టేపు, సుద్దముక్క, ఏ గదిలో ఏసీ, గీజరు, మోటారు వస్తాయో రాసుకున్న కాగితం ఉంటే చాలు. స్లాబుకు కాంక్రీటు పోయకముందే నిర్ణయం జరగాలి, ఎందుకంటే పైపులు స్లాబులోంచే బోర్డు మీదికి దిగుతాయి.

మొదట ప్లాను మీద ఎక్కువ కరెంటు తీసుకునే వస్తువులను గుర్తించి, వాటికి నడుమ పడే చోటు చూడండి. మీటరు వీధి వైపు ఉంది కాబట్టి బోర్డును కూడా వరండాలోనే పెట్టేస్తే వైరు మిగులుతుందని కొందరు వాదిస్తారు. అది లెక్క తెలియని పొదుపు. 3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్ల దూరం పోయి తిరిగి వస్తే దాదాపు 4 వోల్టులు దారిలోనే తగ్గుతాయి, 50 వాట్లు గోడలోనే వేడిగా పోతాయి. పది సన్నని వైర్లను ఇల్లంతా సాగదీయడం కంటే, మీటరు దగ్గర ఒక డబుల్ పోల్ ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే ఫేజు, న్యూట్రల్ రెండు తీగలనూ తెంచేసే స్విచ్చు పెట్టి, అక్కడినుంచి లావు వైరును ఇంటి నడుమకు తేవడమే సరైన పద్ధతి.

తరువాత పనికిరాని చోట్లు కొట్టివేయండి. స్నానాల గది, పొయ్యి పైభాగం, సింకు పైభాగం కూడవు. తలుపు తెరిస్తే వెనక పడే గోడ కూడదు. బట్టల అలమరలో దాచడం అందానికి బాగానే ఉంటుంది గాని, చెక్కా బట్టలూ నిండిన చోట నిప్పురవ్వ పుట్టగల పెట్టెను మూసిపెట్టడం నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. బోర్డు ముందు ఒక మీటరు ఖాళీ ఉండాలి. రేపు అక్కడికి బీరువా గాని ఫ్రిజ్ గాని వస్తుందా అని ఇంటి ఇల్లాలిని అడగండి, ఆ సంగతి మేస్త్రీకి తెలియదు. వాస్తు ప్రకారం ఆగ్నేయమే కావాలని పట్టుబట్టేవారితో నేను వాదించను. అయితే ఆగ్నేయంలో సాధారణంగా వంటగదే ఉంటుంది కనుక, బోర్డును దాని బయట హాలు వైపు గోడకు పెట్టమంటాను.

ఇక అందరూ తప్పు చేసేది గోడను ఎంచుకోవడంలోనే. గోడకు ఇవతలి ముఖాన్ని చూసి నిర్ణయిస్తారు గాని, అవతలి ముఖాన్ని ఎవరూ చూడరు. ఒక ఇంట్లో హాలు గోడ శుభ్రంగా, పొడిగా, అన్నివిధాలా అనుకూలంగా కనబడింది. దాని వెనక పై అంతస్తు స్నానాల గది నీటి పైపు దిగుతోందని ఎవరూ చెప్పలేదు. రెండవ వానాకాలానికి పైపు అతుకు దగ్గర చెమ్మ మొదలై, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, రాత్రివేళ తనంతట తాను పడిపోయి (ట్రిప్ అయి) కరెంటు ఆపేయసాగింది. వచ్చిన ప్రతివాడూ ఆర్‌సీసీబీ చెడిందని దాన్నే మార్చాడు. చెడింది గోడ. ఎలుగెత్తి చెబుతున్న పరికరాన్ని పీకేసి కొత్తది బిగించినా అదీ అదే చెబుతుంది.

కాబట్టి గోడకు రెండు వైపులా నిలబడి చూడండి, పైన ఏముందో కూడా చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు కింది గోడ, వాననీటి గొట్టం ఆనుకున్న గోడ, స్నానాల గదితో పంచుకున్న గోడ మూడూ వద్దు. సాయంత్రపు ఎండ పడే పడమటి బయటి గోడ కూడా నాకు ఇష్టం లేదు. ఎంసీబీల రేటింగును 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద నిర్ణయిస్తారు, మన మే నెలలో కాగిన గోడలోని పెట్టెలో అవి ముందుగానే పడిపోవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలో పెట్టెకు గాడి కొడితే వెనక సిమెంటు పొర మాత్రమే మిగులుతుంది, అవతలివారు మేకు కొట్టిన రోజున అది ఎటు వెళుతుందో ఆలోచించండి. తొమ్మిదంగుళాల లోపలి గోడ దొరకకపోతే గోడ మీద బిగించే పెట్టె వాడండి. అందం తగ్గినా నష్టం లేదు.

ఎత్తు విషయం తేలిక. పెట్టె నడుమభాగం నేలనుంచి అయిదడుగులు, పైఅంచు 2 మీటర్లు దాటకూడదు. కొలత మాత్రం టైల్స్ వేసిన తరువాతి నేలనుంచి తీసుకోవాలి, మట్టినేలనుంచి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడ ఇళ్లలోకి వచ్చిన తీరు చూశాక, పల్లపు ప్రాంతాలవారు బోర్డును పై అంతస్తులో పెట్టుకోవడమే నయం.

చివరగా, సుద్దతో గుర్తు పెట్టిన చోటికి స్లాబులోంచి కావలసిన పైపులతోపాటు ఒక ఖాళీ పైపు డాబా మీదికి వేయించండి. సోలారు పలకలు పెట్టుకున్న నాడు అదే దారి అవుతుంది. ప్లాస్టరింగుకు ముందు పైపులన్నీ కనబడేలా ఫోటో తీసి దాచండి.