తిమింగలం ఒడ్డుకొస్తే వెంటనే తోసెయ్యకండి

2016 జనవరిలో తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా తీరానికి ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు కొట్టుకొచ్చాయి. జాలర్లు పాపం రాత్రంతా కష్టపడి వాటిని పడవలతో లోపలికి లాగి వదిలితే, కొన్ని తిరిగి ఒడ్డుకే వచ్చాయి. నలభైకి పైగా చచ్చిపోయాయి. ఇవి మందగా బతికే జీవాలు. ఒకటి చిక్కుకుంటే మిగతావి దాన్ని వదిలి పోవు. అసలు జబ్బు చేసి ఒడ్డుకు చేరినదైతే, తోసినా మళ్లీ వస్తుంది. తోయాలా వద్దా అన్నది డాక్టర్లు తేల్చాలి.

కాబట్టి ముందు ఫోన్. ఫారెస్టు వాళ్లకు, మెరైన్ పోలీసులకు చెప్పండి. నంబరు తెలియకపోతే 112. ఎక్కడ, ఎన్ని, ఊపిరి తీస్తున్నాయా అన్నవి చెబితే చాలు.

ఇంకా నీళ్లలోనే, ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంటే బోట్లతో చుట్టుముట్టకండి. దానికీ లోతు నీళ్లకీ మధ్య బోటు అడ్డం పెట్టకండి. దగ్గర్లో వలలుంటే తీసెయ్యండి.

ఇసుక మీద పడిందంటే దాని బరువే దాని ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. చర్మం కింద మందపాటి కొవ్వు ఉంటుంది కాబట్టి ఎండకు ఒళ్లు ఉడికిపోతుంది. పాత దుప్పట్లు, లుంగీలు తడిపి వీపు మీద కప్పి, నీళ్లు పోస్తూ ఉండండి. కానీ నెత్తి మీద ఉండే ముక్కు రంధ్రం జాగ్రత్త. ఫస్సుమని తెరుచుకుని, గాలి పీల్చి, టక్కున మూసుకుంటుంది. దాని మీద గుడ్డ పడకూడదు. లోపలికి చుక్క నీరు, ఇసుక పోకూడదు. మీ మొహం కూడా అక్కడికి తేకండి, ఆ ఊపిరిలో రోగక్రిములు ఉండొచ్చు. పక్క రెక్కల కింద ఇసుక తవ్వి గుంట చేసి, అందులో నీళ్లు పోస్తే రెక్కలు నలగవు. పక్కకు ఒరిగి ఉంటే సముద్రం పోటెత్తేసరికి రంధ్రం మునిగిపోతుంది. అందుకని బోర్లా ఉండేలా చూడాలి, అదీ తెలిసినవాళ్లు వచ్చాకే.

తోకకు తాడు కట్టి లాగడం మాత్రం వద్దే వద్దు. కీళ్లు ఊడిపోతాయి. తోక వైపు నిలబడకండి, ఒక్క విసురుకు కాలు విరుగుతుంది. జనాన్ని, కుక్కలను, సెల్ఫీలవాళ్లను దూరంగా ఉంచే పని ఇద్దరికి అప్పగించండి. నిజానికి అన్నిటికన్నా కష్టమైన డ్యూటీ అదే.

2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం బీచ్‌కి వచ్చినట్టు చచ్చిన తిమింగలం కొట్టుకొస్తే పిల్లలను దాని మీదికి ఎక్కనివ్వకండి. లోపల గ్యాస్ పట్టి ఉబ్బి, ఒక్కోసారి పగులుతుంది. అంబర్‌గ్రిస్ (కొన్ని తిమింగలాల పేగుల్లో తయారయ్యే, సెంట్లలో వాడే ఖరీదైన మైనం లాంటి పదార్థం) దొరుకుతుందేమోనని కడుపు కోస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు పడుతుంది.