ఇంట్లో గేమ్ మిషన్ – 4వ పాఠం: తెర ముందు, చెక్క తరువాత

చెక్క పెట్టెలో టీవీ, కంప్యూటర్, బటన్లు బిగించి పాత ఆటల మిషన్‌ను ఇంట్లోనే కట్టుకోవడం ఈ పాఠాల పని. పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం చాలామంది ప్లైవుడ్‌ను పాడుచేసింది. ‘32 అంగుళాల టీవీ పట్టేలా పెట్టె కోయించండి’ అన్నాను. ఆ 32 ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అని దాటేశాను. హసన్‌పర్తి నుంచి ఒకాయన ఫొటో పంపారు. పెట్టె వెడల్పు సరిగ్గా 32 అంగుళాలు. మధ్యలో టీవీ, దానికి అటూ ఇటూ దూర్చిన థర్మాకోల్ ముక్కలు, వాటి మీద నల్ల టేపు. ‘మీరు చెప్పినట్టే చేశాను సార్’ అని కింద ఒక్క వాక్యం. ఆయన మర్యాదస్తుడు కాబట్టి అంతటితో ఆగారు.

ఈ వారం బటన్ల వైరింగ్ మొదలుపెట్టాలి. అది ఆపి, అసలు మొదటి పాఠంలోనే చెప్పవలసిన తెర సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

అట్టపెట్టె మీద రాసే అంగుళాలు తెర వెడల్పు కాదు, ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా పట్టిన కొలత. బడిలో దాన్నే కర్ణం అన్నారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే టీవీలు, మామూలు మానిటర్లు దాదాపు అన్నీ 16:9 ఆకారంలోనే ఉంటాయి. ఆ అంగుళాలను 0.87తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు వస్తాయి. 32కి వెడల్పు 27.9, ఎత్తు 15.7. ఇది వెలిగే భాగం మాత్రమే. చుట్టూ ఉన్న చట్రం కలిపితే వెడల్పు ఇరవై ఎనిమిదిన్నర అటూ ఇటూగా ఉంటుంది. హసన్‌పర్తి పెట్టెలో రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల చెక్క పోగా లోపల 30.6 అంగుళాలు మిగిలాయి. అంటే ఒక్కో పక్క అంగుళం సందు. ఇది పెద్ద నష్టమేమీ కాదు. పాత మిషన్లలో కూడా తెర చుట్టూ నల్ల అట్ట బిగించి ఉండేది. అలాంటిదే ఒకటి కోసి ముందు పెట్టండి. థర్మాకోల్ మాత్రం ఈ రోజే తీసేయండి. టీవీ వెనక వేడిగాలి పోయే దారి అదే. మన ఓరుగల్లు ఎండాకాలానికి అది చాలదన్నట్టు మీరు దుప్పటి కప్పారు.

మంచిర్యాల మిత్రుడిది దీనికి తిరగేసిన కథ. ఆయనకు కర్ణం లెక్క వచ్చు. పెట్టె లోపలి వెడల్పును లెక్కకట్టి సరిగ్గా 27.9 అంగుళాలకు కోయించారు. చట్రం సంగతి మరిచిపోయారు. టీవీ గుమ్మం దగ్గరే ఆగిపోతే రెండు రోజులు ఆకురాయితో లోపలి చెక్కను రాశారట. ఒక పక్క చెక్క విప్పి బయటికి జరపడం తప్ప దానికి మందు లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది కరీంనగర్ పాఠకుడి పిన్‌బాల్. ఏటవాలు బల్ల మీద దొర్లే బంతిని ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొట్టే ఆట అది. మన మిషన్‌లో ఆ బల్ల స్థానంలో టీవీని పడుకోబెడతాం. 1990ల నాటి విలియమ్స్ కంపెనీ మిషన్ల కొలతలు సంపాదించి, బయటి వెడల్పు 22 అంగుళాలతో ముచ్చటగా పెట్టె కట్టారు. ఆ మిషన్లలో ఆట బల్ల 20.25 అంగుళాల వెడల్పు, 46 అంగుళాల పొడవు. ‘43 అంగుళాల టీవీ పడుకోబెడితే దాదాపు అసలు బల్లంత ఉంటుంది’ అని నేను రాసినది చదివి అదే కొన్నారు. లెక్క వేయండి: 43కి 37.5, 21.1. పిన్‌బాల్‌లో టీవీ పొడవు ఆటగాడికి ఎదురుగా సాగుతుంది కాబట్టి టీవీ ఎత్తే పెట్టె వెడల్పు కావాలి. అద్దమే 21.1 అంగుళాలు, పెట్టె లోపల ఉన్నది ఇరవైన్నర.

కొందరు ఇలాంటప్పుడు టీవీ చట్రాన్ని ఊడదీస్తారు. నేను ఆ పని చేయను, మిమ్మల్ని చేయమనను. ఇక్కడైతే చట్రం తీసినా పట్టదు. దానికితోడు వారంటీ పోతుంది, టీవీ లోపలి పవర్ సప్లై బోర్డు మీది కెపాసిటర్లలో ప్లగ్ తీసిన తరువాత కూడా కరెంటు నిలిచి ఉండవచ్చు, తెర అంచున ఉండే పల్చటి రిబ్బన్లు చిట్లితే టీవీ మొత్తం చెత్తే. పెట్టెను వెడల్పు చేయండి, లేదా 40 అంగుళాల టీవీకి దిగండి. 40కి ఎత్తు 19.6. చట్రం సన్ననిదైతే పడుతుంది. కొనేముందు దుకాణంలోనే టేపు పెట్టి చూడండి, సేల్స్ అబ్బాయి ఏమనుకున్నా ఫరవాలేదు.

కాబట్టి వరస మార్చుకుందాం. ముందు తెర ఇంటికి రావాలి. దాని ఒంటి మీద టేపు పెట్టి కొలిచి, ప్రతి పక్కా అర అంగుళం వదిలి, ఆ కాగితం వడ్రంగికి ఇవ్వాలి. నేనైతే తెరను పెట్టెకు నేరుగా బిగించను. లోపల రెండు రీపర్లు వేసి వాటికి బిగిస్తాను. రేపు తెర పోయి మరో సైజు వస్తే రీపర్లు జరిపితే సరిపోతుంది.

ఇక ఎంత తెర కావాలన్నది. ఆర్కేడ్ పెట్టె, అంటే పిన్‌బాల్ కాని వీడియో ఆటల మిషన్ అయితే మీరు ఆడేవి ఎక్కువగా పాత ఆటలే. అవి 4:3 తెర కోసం చేసినవి. వెడల్పాటి తెర మీద వాటిని సరైన ఆకారంలో చూపిస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. మిగిలే బొమ్మ సైజు తెలియాలంటే అంగుళాలను 0.82తో గుణించండి. 24 కొంటే చేతికొచ్చేది 19.6, 32 కొంటే 26. పాత మిషన్లలో 19, 25 అంగుళాల పిక్చర్ ట్యూబు గొట్టాలే ఎక్కువ. అందుకే ఈ రెండు సైజులు నాకు నచ్చుతాయి. నల్ల పట్టీలు నచ్చలేదని బొమ్మను సాగదీస్తే గుండ్రటి ప్యాక్‌మ్యాన్ కోడిగుడ్డు అవుతాడు. ఆ ఫొటోలు నాకు పంపకండి.

ప్యాక్‌మ్యాన్, గెలాగా, డాంకీకాంగ్, స్పేస్ ఇన్‌వేడర్స్ నిలువు తెర ఆటలు. స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్ అడ్డ తెరవి. 24 అంగుళాల మానిటర్‌ను అడ్డంగా ఉంచితే ప్యాక్‌మ్యాన్‌కు దక్కే వెడల్పు 8.8 అంగుళాలు. అదే మానిటర్‌ను నిలువుగా తిప్పితే 11.8. నాకు నిలువు ఆటలే ఇష్టం, నా పెట్టెలో తెర నిలువుగానే ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు కలిసి తన్నుకునే ఆటలు అడిగితే మీరు అడ్డంగానే పెట్టుకోండి.

ఆఫీసులు వదిలించుకున్న 17, 19 అంగుళాల చదరపు మానిటర్లు పాత సామాను దుకాణాల్లో కనిపిస్తాయి. వాటి ఆకారం 5:4, చుక్కలు 1280 × 1024. 4:3 బొమ్మకు పైనా కిందా 32 గీతల చొప్పున నల్లగా మిగులుతుంది, అంతే. మొదటి మిషన్‌కు ఇంతకంటే చవకైన దారి లేదు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. ‘1 ఎం.ఎస్. (మిల్లీసెకను, సెకనులో వెయ్యో వంతు) ఉన్న మానిటర్ కొన్నాను, అయినా బటన్ ఆలస్యంగా పలుకుతోంది’ అని పోయిన నెలలో ఏడుగురు రాశారు. ఆ ఒకటి మీరు అనుకుంటున్న ఒకటి కాదు. తెర మీది చుక్క ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి పట్టే సమయం అది. కదిలే బొమ్మ వెనక తోక కనిపిస్తుందా లేదా అన్నది దానివల్ల తెలుస్తుంది. మీకు కావలసింది వేరు. కంప్యూటర్ పంపిన బొమ్మ తెర లోపలికి చేరాక బయటికి కనిపించేదాకా ఎంత సేపు అన్నది. హోటల్లో దోసె పెనం మీద నిమిషంలో కాలుతుంది. మీ చీటీ వంటింటికి చేరడానికే పావుగంట పడితే ఆ నిమిషంతో ఏం లాభం? అట్టపెట్టె మీద రాసేది పెనం వేగం. చీటీ సంగతి సాధారణంగా రాయరు.

టీవీలలో ఈ ఆలస్యం మరీ ఎక్కువ. వచ్చిన ప్రతి బొమ్మకూ రంగులద్ది, నునుపు చేసి, మధ్యలో లేని బొమ్మలు కల్పించి, ఆ తరువాత చూపిస్తుంది. సెకనుకు 60 బొమ్మల లెక్కన ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు. నాలుగు బొమ్మలు వెనకబడితే 67. సెకనుకు మీటరు వేగంతో దొర్లే పిన్‌బాల్ బంతి ఆ వ్యవధిలో 6.7 సెంటీమీటర్లు పోతుంది. ఫ్లిప్పర్ పొడవే దాదాపు ఏడున్నర. అంటే తెర మీద మీరు చూసేసరికే బంతి దాదాపు ఫ్లిప్పర్ పొడవంతా పోయి ఉంటుంది. నా మొదటి మిషన్‌లో స్ట్రీట్ ఫైటర్ ఆడితే ప్రతి దెబ్బా ఆలస్యమయ్యేది. బటన్లదే తప్పని వాటి అడుగున ఉండే ఆరు మైక్రోస్విచ్‌లు మార్చాను, జాయ్‌స్టిక్ మార్చాను, కేబుల్ మార్చాను. చివరికి రిమోట్‌లో ‘గేమ్ మోడ్’ నొక్కితే అంతా సర్దుకుంది. ఆ ఆరు స్విచ్‌లు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి. టీవీ కొంటే గేమ్ మోడ్ ఉన్నదే కొనండి. ఆ పేరు లేకపోతే హెచ్‌డీఎంఐ సాకెట్‌కు ‘పీసీ’ అని పేరు పెట్టే వీలుందేమో చూడండి. కొన్ని టీవీలలో ఆ పేరు పెడితేనే అలంకారాలు ఆగిపోతాయి.

సెకనుకు ఎన్ని బొమ్మలన్నది కూడా ఉంది గాని, అన్ని పాత ఆటలూ సరిగ్గా 60 కాదు. ప్యాక్‌మ్యాన్ 60.6, మోర్టల్ కోంబాట్ 54.7. ఫ్రీసింక్, అంటే ఆట పంపే బొమ్మల లెక్కకు తగ్గట్టు తెర తన లెక్క మార్చుకునే ఏర్పాటు ఉన్న మానిటర్ అయితే ఈ తేడా దానంతట అదే సర్దుకుంటుంది. చవకవాటిలో ఆ పరిధి తరచుగా 48 నుంచి 75, మనకు చాలు.

చూసే కోణం పిన్‌బాల్ వాళ్ళకు ముఖ్యం. సోఫాలో కూర్చున్నవారు టీవీని ఎదురుగా చూస్తారు. పిన్‌బాల్ ఆడేవారు దాని పొట్టి అంచు దగ్గర నిలబడి పొడవునా ఏటవాలుగా చూస్తారు. వీఏ రకం తెరలు ఎదురుగా చూస్తే నలుపు బాగా నల్లగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే తెల్లబారి వెలిసిపోతుంది. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిదగా ఉన్నా పక్క నుంచి రంగు నిలుస్తుంది. పిన్‌బాల్‌కు నా ఓటు ఐపీఎస్‌కే. చాలా పెట్టెల మీద ఈ రకం రాయరు. ఒకే మోడల్ నంబరు కింద రెండు రకాలూ వస్తాయి కూడా. దుకాణంలో టీవీని పడుకోబెట్టమని అడగనక్కరలేదు, మీరే పక్కకు జరగండి. గోడ దగ్గరికి పోయి, టీవీ పక్క అంచు వైపు నుంచి తెర పొడవునా చూడండి. అవతలి చివర మనిషి ముఖం రంగు మారకపోతే అది మీ టీవీ. హనుమకొండ చౌరస్తాలో ఒక దుకాణంలో నేను గోడకు చెంప ఆనించి చూస్తుంటే యజమాని వచ్చి మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

పాత చదరపు మానిటర్లలో చాలావరకు టీఎన్ రకం. అడ్డంగా బాగానే ఉంటాయి, కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. నిలువుగా తిప్పితే ఆ కింది వైపు మీ కుడి పక్కకో ఎడమ పక్కకో వస్తుంది. పక్కన నిలబడ్డ స్నేహితుడికి ఆట నెగెటివ్ ఫొటోలా కనిపిస్తుంది. నిలువుగా వాడేవాళ్ళు తిప్పి చూశాకే డబ్బు ఇవ్వండి.

పాత గొట్టం టీవీ పెట్టవచ్చా అని అడిగినవారికి: బొమ్మ అందం దానిదే, ఒప్పుకుంటాను. కాని బరువు, లోపల 20 వేల వోల్టులు దాటే విద్యుత్తు. ఈ పాఠాల్లో దాని జోలికి పోను.

కొనేముందు మరొక్కటి. తెర వెలుగుతుండగా గోడ స్విచ్ ఆపి, పది సెకన్లాగి మళ్ళీ వేయండి. దానంతట అది వెలగాలి. పెట్టెలో బిగించాక రిమోట్ ఎక్కడ పెట్టి నొక్కుతారు? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వెనక తలుపు తీయాల్సి వస్తుంది.

అభ్యాసం. ఫోనులో స్లో మోషన్‌ను సెకనుకు 240 ఫ్రేములకు పెట్టండి. బటన్, తెర రెండూ ఒకే వీడియోలో పడేలా ఫోనును పుస్తకాలకు ఆనించి, ఆటలు ఎంచుకునే మెనూలో ముప్పైసార్లు బటన్ నొక్కండి. వేలు బటన్‌ను అణచిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ముప్పై అంకెలూ రాయాలి. సగటు ఒక్కటే పంపితే చూడను, ఎందుకంటే కొన్నిసార్లే ఆలస్యమయ్యే తెరలు సగటులో దాక్కుంటాయి. ఇందులో కంప్యూటర్ ఆలస్యం కూడా కలిసి ఉంటుంది కాబట్టి గేమ్ మోడ్ ఉండగా ఒకసారి, లేకుండా ఒకసారి చేయండి, తేడా తెరది. అంకెలు వచ్చేదాకా వడ్రంగికి బయానా ఇవ్వకండి.