పెరటి ఈతకొలనును వేసవికి సిద్ధం చేయడం: విశాఖ ఇళ్ళకు పనికివచ్చే పద్ధతి

విశాఖపట్నంలో పెరటి ఈతకొలనుకు పని పడేది ఉగాది నుంచి జూన్‌లో తొలకరి పడేవరకు. ఇనుప గొట్టాల చట్రానికి దళసరి పీవీసీ షీటు తగిలించి నేల మీదే నిలబెట్టే ఈ కొలనులను చాలామంది వర్షాకాలంలో విప్పకుండా, పైన టార్పాలిన్ కప్పి అలాగే వదిలేస్తారు. మార్చిలో తీసి చూస్తే ఆకుపచ్చటి నీళ్ళు, అడుగున కుళ్ళిన ఆకులు, చట్రం కాళ్ళకు తుప్పు. అప్పుడు ఇంట్లో ఉన్న బ్లీచింగ్ పౌడరు గుమ్మరించి తెల్లవారేసరికి నీళ్ళు తేటపడతాయని ఎదురుచూడడం పరిపాటి. ఆ పౌడరులోని క్లోరిన్ మొదట ఆకుల మీద, బురద మీద, పాచి మీద ఖర్చయిపోయి, మిగిలితేనే నీటికి పనికివస్తుంది కనుక, చేత్తో తీయగలిగిన మురికినంతా తీసిన తరువాతే మందు జోలికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముందు కొలనులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క వేసి రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఇకపై ప్రతి మోతాదూ ఆ అంకె మీదే ఆధారపడుతుంది. గుండ్రటి కొలనైతే అడుగుల్లో వ్యాసాన్ని వ్యాసంతో, ఆ వచ్చినదాన్ని నీటి లోతుతో, తరువాత 0.785తో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి; ఒక్కో ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. 12 అడుగుల వ్యాసం, 2 అడుగుల నీరు ఉన్న కొలనులో ఇలా చూస్తే దాదాపు 6,400 లీటర్లు ఉంటాయి. కింద చెప్పిన మోతాదులన్నీ ఈ కొలతకే.

ఈ సందర్భంలోనే డాబా మాట చెప్పుకోవాలి. పెరడు లేని ఇళ్ళలో కొలనును డాబా మీద పెట్టుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. కానీ 2 అడుగుల లోతు నీరు చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరే అంటే తప్ప ఆ పని చేయకూడదు.

ఇక టార్పాలిన్ తీయడం. దాని మధ్యలో గుంట పడి వాననీరు నిలిచి ఉంటే, లాగే ముందు ఆ నీటిని మగ్గుతో తోడి నేల మీద పారబోయాలి. లేకపోతే అందులోని దోమ పిల్లలూ కుళ్ళిన ఆకులూ కొలనులోకే జారతాయి. తరువాత పాత నీటిని ఉంచాలా, వదిలేయాలా అన్నది తేల్చుకోవాలి. పెద్ద కొలనులకు నీరు మార్చవద్దని, మందుతోనే బాగుచేసుకోమని సాధారణంగా సలహా ఇస్తారు. మన చిన్న కొలనులకు ఆ సలహా సగమే వర్తిస్తుంది. నీరు పచ్చగా ఉన్నా అడుగు కనిపిస్తుంటే దాన్ని కాపాడుకోవచ్చు, వేసవిలో ఒక ట్యాంకరు నీళ్ళు మిగలడం చిన్న విషయమేమీ కాదు. అడుగు కనిపించకుండా నల్లబడి, కుళ్ళు వాసన వస్తుంటే మాత్రం మొండికి పోకుండా వదిలేయడమే మేలు. నీరంతా తీసేస్తే ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి ఖాళీ కొలను లేచిపోతుంది కాబట్టి, కడిగే పని ఉదయాన్నే మొదలుపెట్టి మళ్ళీ నింపడం కూడా ఆ రోజే మొదలయ్యేలా చూసుకోవాలి.

కడగడానికి మెత్తటి నైలాన్ బ్రష్షు, కొద్దిగా గిన్నెల సబ్బునీళ్ళు చాలు. ఇనుప పీచు షీటును గీకేస్తుంది, దాని జోలికి పోవద్దు. నీటిమట్టం ఉండే గీత దగ్గర, దానికి రెండు మూడు అంగుళాల పైవరకు, ప్రత్యేకంగా రుద్దాలి. ఓడరేవుకు దగ్గరి పేటల్లో గాలికి వచ్చే నల్లటి దుమ్ము, ఒంటి నూనెతో కలిసి అక్కడే జిడ్డు పట్టీలా అంటుకుంటుంది. అంతకంటే ముఖ్యమైన కారణం దోమ. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లను నీటిలో కాక, నీటి అంచుకు కాస్త పైన తడి గోడకు అతికిస్తుంది. ఆ గుడ్లు నీరు లేకుండా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. కొలనును ఎండబెట్టినంత మాత్రాన అవి చావవు, రుద్ది కడిగితేనే పోతాయి. నిచ్చెన మెట్ల అడుగు భాగం, పంపు గొట్టాలు బిగించే చోటు, షీటు ముడతలు కూడా వదలకూడదు.

చట్రం విషయంలో విశాఖ తీరు వేరు. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ లాంటి సముద్రానికి దగ్గరి చోట్ల ఉప్పుగాలి ఇనుమును నమిలేస్తుంది. గొట్టం నడిమి భాగం నిగనిగలాడుతున్నా, రెండు గొట్టాలు కలిసే చోట, పిన్ను దూరే రంధ్రం చుట్టూ గోధుమరంగు పొక్కులు లేచి ఉంటాయి, గోటితో నొక్కితే పెచ్చులూడతాయి. పెచ్చుల కింద ఇనుము గట్టిగా ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత రెడ్ ఆక్సైడ్ పూసి పైన ఎనామిల్ పెయింటు వేయవచ్చు. స్క్రూడ్రైవర్ మొన దిగేంతగా తినేసి ఉంటే ఆ గొట్టాన్ని మార్చాలి. ఆరు టన్నులకు పైబడిన నీటిని నిలబెట్టేది ఆ అతుకులే.

నేలను చూసుకోవడానికి ఇదే అదను. మన పెరళ్ళలో షీటుకు ప్రధాన శత్రువు తుంగ. దాని మొలక సూదిలా పీవీసీని కింది నుంచి పొడుచుకుని పైకి వస్తుంది. పైపైన కోస్తే లాభం లేదు, గడ్డలతో సహా తవ్వి తీసి, నేల చదునుచేసి, దళసరి పరుపు షీటు పరవాలి. కాళ్ళు మెత్తటి మట్టిలోకి దిగబడకుండా ఒక్కొక్క కాలి కింద చిన్న కడప బండ ముక్క, నేలమట్టానికి సమంగా ఉండేలా పెట్టాలి. కొండవాలులో కట్టిన ఇళ్ళలో ఒక వైపు నేల ఒక అంగుళం ఎత్తున్నా నీటి బరువు పల్లం వైపు కాళ్ళ మీద ఎక్కువగా పడుతుంది కనుక మట్టం కొట్టించడం తప్పనిసరి. పల్లం వైపు మట్టి నింపడం కాకుండా ఎత్తు వైపు తవ్వాలి.

నింపడానికి మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీటిని వేసవిలో వాడడం నాకు సమ్మతం కాదు, అది తాగడానికి ఉండనివ్వాలి. బోరు నీరు పనికివస్తుంది, అయితే అందులో ఇనుము ఉంటే క్లోరిన్ తగలగానే నీరంతా టీ డికాషన్ రంగుకు మారుతుంది. కంగారు పడనక్కర లేదు. పంపు ఆపి రాత్రంతా కదపకుండా ఉంచితే తుప్పు అడుగుకు దిగుతుంది. మరునాడు గొట్టంతో సైఫన్ పెట్టి ఆ మడ్డిని ఫిల్టరు గుండా పోనివ్వకుండా నేరుగా బయటకు లాగేయాలి.

పంపు, ఫిల్టరు బిగించేటప్పుడు కార్ట్రిడ్జ్ (ఫిల్టరు లోపల మురికిని పట్టే మడతల గొట్టం) మడతలను ఒక్కొక్కటీ విప్పి పై నుంచి కిందికి నీటిధారతో కడగాలి. మడతలు చదునుగా అణిగిపోయి ఉంటే కొత్తది కొనడమే మంచిది. ఇసుక ఫిల్టరైతే ప్రెషరు మామూలు కంటే 8 నుంచి 10 పీఎస్ఐ (ఫిల్టరు మీది మీటరు చూపే ప్రెషరు కొలత) పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగాలి. గంటకు 2,000 లీటర్లు తోడే పంపుకు మన కొలను నీటిని ఒకసారి తిప్పడానికి మూడు గంటలకు పైగా పడుతుంది కాబట్టి రోజుకు ఆరేడు గంటలు నడపాలి. తడి పెరట్లో నడిచే మోటారుకు సరైన ఎర్తింగు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) ఉన్న లైను లేకుండా ఎవరినీ నీటిలోకి దిగనివ్వకూడదు.

మందు ఇప్పుడు. ముందు టెస్ట్ స్ట్రిప్‌తో (నీటిలో ముంచితే రంగు మారే కాగితపు పట్టీ) పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం, చూసి 7.2 నుంచి 7.6 మధ్యకు తీసుకురావాలి, పీహెచ్ ఎక్కువైతే క్లోరిన్ వేసినా మందకొడిగా పనిచేస్తుంది. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం, 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉండాలి. తక్కువైతే ప్రతి 10 పీపీఎంకు సుమారు 110 గ్రాముల వంటసోడా కలపాలి. తరువాత మొదటి దెబ్బగా 10 పీపీఎం క్లోరిన్ కావాలి: 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 100 గ్రాములు, 30 శాతం బ్లీచింగ్ పౌడరు అయితే 210 గ్రాములు. మన ఉక్కకు తెరిచిన పొట్లంలో పౌడరు సత్తువ త్వరగా తగ్గిపోతుంది, చిన్న పొట్లాలు కొనండి. బ్లీచింగ్ పౌడరును ప్లాస్టిక్ బకెట్ నీటిలో కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీటిని మాత్రమే కొలనులోకి వంచాలి; అడుగున మిగిలే సున్నం కొలనులో పడితే నీరు పాలలా తెల్లబడుతుంది. ఎప్పుడూ నీటిలోకే మందు పోయాలి గాని మందు మీద నీరు పోయకూడదు. పని సూర్యాస్తమయం తరువాత చేసి రాత్రంతా పంపు నడపాలి, పగటి ఎండ క్లోరిన్‌ను గంటల్లోనే తినేస్తుంది.

తెల్లవారాక గోడలను మరోసారి బ్రష్షుతో రుద్ది, పాచి తెల్లగా రాలి అడుగుకు చేరితే సైఫన్‌తో తీసేయాలి. క్లోరిన్ 3 పీపీఎం లోపుకు దిగేదాకా పిల్లలను ఆపాలి. ఆ తరువాత రోజూ సాయంత్రం 65 శాతం పౌడరు 10 నుంచి 20 గ్రాములు వేస్తూ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచితే సరిపోతుంది. తేలే డబ్బాలో పెట్టే టీసీసీఏ బిళ్ళలు (నెమ్మదిగా కరిగే మరో రకం క్లోరిన్ మందు) వాడేవారు వాటిని షీటు మీద పడనివ్వకూడదు, పడిన చోట రంగు వెలిసిపోతుంది. ఆ బిళ్ళలనూ కాల్షియం హైపోక్లోరైట్‌నూ ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలిపితే మంటలు లేస్తాయి. యాసిడ్‌తో క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది. మూడింటినీ వేర్వేరు చోట్ల పెట్టాలి.

నీరు తగ్గుతోందనిపిస్తే చిల్లు వెతికే ముందు ఒక బకెట్‌లో కొలను నీరు నింపి నిచ్చెన మెట్టు మీద, లోపలా బయటా మట్టం సమంగా ఉండేలా పెట్టి, పంపు ఆపి ఒక రోజు చూడాలి. రెండూ సమంగా తగ్గితే అది ఆవిరే. కొలనులోనే ఎక్కువ తగ్గితే చిల్లు ఉన్నట్టే.

వాడనప్పుడు నిచ్చెన తీసి పక్కన పెట్టాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో టార్పాలిన్ రక్షణ కాదు. జూన్‌లో కొలను విప్పేటప్పుడు క్లోరిన్ వేయడం ఆపి మూడు నాలుగు రోజులు ఎండకు వదిలి, స్ట్రిప్ సున్నా చూపాక ఆ నీటిని కొబ్బరి, అరటి మొదళ్ళకు పెట్టవచ్చు. అంతకు మించి జాగు చేయకూడదు, మందు లేని నీటిలో గుడ్డు నుంచి దోమ లేవడానికి వారం పది రోజులు చాలు.